ముప్పై రెండు పక్కన చుక్కలు

టైలర్ తన గురువు దగ్గర నేర్చుకున్న విద్యలో సగం కుట్టడం, మిగతా సగం నోరు మూసుకోవడం.

నడుము కొలిచేటప్పుడు అసలు అంకె పైకి అనకూడదని ఆ గురువు నియమం. కొట్టు అన్నాక బెంచీ మీద మరో ఇద్దరు కూర్చుని పేపరు చదువుతున్నట్టు నటిస్తూ వింటూనే ఉంటారు. అందుకని పాత కొలతే పైకి చెప్పాలి. పెరిగిన ప్రతి అర అంగుళానికీ పుస్తకంలో ఆ పాత అంకె పక్కన ఒక చుక్క పెట్టాలి. కత్తిరించేటప్పుడు చుక్కలు లెక్కపెట్టుకుని ఆ మేరకు గుడ్డ వదలాలి. ప్యాంటు నడుము పట్టీ లోపల చిన్న తెల్లగుడ్డ ముక్క కుట్టి, దాని మీద ఇంకుతో మళ్ళీ ఆ పాత అంకే రాయాలి. చుట్టుపక్కల వీధుల్లో సగం మంది మగాళ్ళు తమది ఇంకా పెళ్ళినాటి నడుమేనని నమ్మి తిరుగుతున్నారంటే ఆ పుణ్యమంతా టైలర్ కొట్టుదే.

తన విషయంలో టైలర్ ఆ తిప్పలు కూడా పడలేదు. కుట్టుమిషనుకు మోటారు బిగించాక కాలు ఆడించే పని తప్పింది, పొట్ట వచ్చింది. ప్యాంటుకు ఎలాస్టిక్ వేసుకున్నాడు. ఎలాస్టిక్‌కు అంకె ఉండదు కదా.

అన్నయ్య సంగతే వేరు.

అన్నయ్య ముప్పై నాలుగేళ్ళు పోస్టుమాన్‌గా చేశాడు. పదకొండు వీధులు, రెండు వందల పద్నాలుగు గుమ్మాలు, ఒక సైకిలు. బడికి సెలవులొస్తే తమ్ముణ్ణి వెనక క్యారియరు మీద కూర్చోబెట్టుకుని వీధులన్నీ తిప్పేవాడు. తమ్ముడు ఒళ్ళో ఉత్తరాల కట్ట పెట్టుకుని, ఒక్కొక్కటీ పైకి తీసి అందించేవాడు. ఆ వీపు వెనక కూర్చుంటే చెమటా, ఖాకీ గుడ్డా, సైకిలు నూనే కలిసిన వాసన వచ్చేది. ఇప్పటికీ కొత్త ఖాకీ తానును కత్తెర తాకినప్పుడల్లా టైలర్‌కు ఒక్క క్షణం ఎక్కడున్నాడో తెలియదు.

నాన్న పోయాక తమ్ముణ్ణి గురువు దగ్గర పనిలో పెట్టించింది అన్నయ్యే. టైలర్ తన చేత్తో మొట్టమొదట కుట్టిన ప్యాంటు కూడా అన్నయ్య యూనిఫాం ప్యాంటే. నడుము ముప్పై రెండు. ఒక కాలు పిసరంత పొట్టిగా వచ్చింది. అన్నయ్య అది తొడుక్కునే ఉద్యోగానికి వెళ్ళాడు. పొట్టి కాలి సంగతి ఎవరైనా ఎత్తితే, సైకిలు చెయిన్లో పడకుండా తమ్ముడు కావాలనే అలా కుట్టాడని చెప్పేవాడు.

ఆ రోజుల్లో అన్నయ్య తిండి చూడ్డానికి రెండు కళ్ళూ చాలేవి కావు. వదిన వడ్డిస్తూనే ఉండేది, ఆయన తింటూనే ఉండేవాడు. పొద్దుటి నుంచీ సైకిలు తొక్కినవాడికి అదంతా ఎక్కడికి పోయేదో పోయేది. నడుము మాత్రం ముప్పై రెండు దగ్గరే నిలబడింది.

తర్వాత ఉద్యోగం అయిపోయింది. ఆరు నెలలు తిరక్కుండా వదిన పోయింది. అన్నయ్య పక్క వీధిలో ఒక గది తీసుకుని, రెండు పూటలా తమ్ముడింట్లో భోజనం చేయడం మొదలుపెట్టాడు. సైకిలు మానేశాడు గానీ సైకిలు తొక్కేవాడి ఆకలి మానలేదు. టైలర్ భార్య బావగారికి మారు వడ్డించకపోతే ఆయన మనసు ఎక్కడ చిన్నబుచ్చుకుంటుందోనని భయపడేది. వద్దంటే ఆవిడ మనసు చిన్నబుచ్చుకుంటుందేమోనని ఆయన భయపడేవాడు. ఆ మొహమాటంలో ఇద్దరూ కలిసి గిన్నెలు ఖాళీ చేసేవాళ్ళు. మధ్యాహ్నం కొట్టు దగ్గర టీ, టీలోకి మూడు చెంచాల చక్కెర, చక్కెరకు తోడుగా బిస్కెట్లు. సాయంత్రం మళ్ళీ అదే వరస.

వదిన పోయిన ఏడాదికి అన్నయ్య కొత్త ప్యాంటు కుట్టించుకోవడానికి వచ్చాడు.

"ఒళ్ళు చేశానంట్రా?" అని అడిగాడు, చేతులు పైకెత్తి వీధి వైపు చూస్తూ.

టేపు ముప్పై రెండున్నర చూపిస్తోంది. "అదే ముప్పై రెండు అన్నయ్యా," అన్నాడు టైలర్.

ఏడాదిగా నవ్వని మనిషి అప్పుడు నవ్వాడు. "మీ వదిన వండి పోసి పోసి అలిసిపోయింది కానీ, నన్ను మాత్రం లావు చేయలేకపోయింది," అన్నాడు. ఆ నవ్వు చూశాక టైలర్‌కు నిజం చెప్పడానికి నోరు రాలేదు. పుస్తకంలో ముప్పై రెండు పక్కన మొదటి చుక్క పెట్టాడు.

ఎనిమిదేళ్ళు అలా గడిచిపోయాయి.

మోకాళ్ళు నొప్పని అన్నయ్య డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళిన రోజున అసలు చిక్కు మొదలైంది. ఆవిడ మోకాళ్ళు చూసే ముందు తూకం మీద నిలబడమంది. తొంభై ఒక్క కిలోలు. రక్తపోటు ఎక్కువుంది, రక్తంలో చక్కెర హద్దు గీత మీద ఉంది. మూడు నెలల్లో బరువు దిగడం మొదలుపెట్టకపోతే జీవితాంతం మందులు తప్పవని, మోకాళ్ళు మూలన పడతాయని, గుండె మీద కూడా భారం పడుతోందని ఆవిడ ముక్కుసూటిగా చెప్పింది.

అన్నయ్య ఆ సాయంత్రం కొట్టుకొచ్చి పడీ పడీ నవ్వాడు.

"ఆవిడ తూకం మిషను చెడిపోయిందిరా. నేను లావయ్యానంట. ముప్పై ఏళ్ళ నుంచీ నా నడుము అంగుళం కదల్లేదు, మా తమ్ముడి పుస్తకమే సాక్ష్యం అని చెప్పొచ్చాను. రేపు పదింటికి పుస్తకం పట్టుకుని నాతో రా. చూపించి నోరు మూయిద్దాం."

"పుస్తకం ఎందుకులే అన్నయ్యా," అని టైలర్ నీళ్ళు నమిలాడు.

"ఎందుకేమిటి? నువ్వు చెప్తే నమ్మక ఛస్తుందా?"

టైలర్ ఇంటికి వెళ్ళి భార్యతో సంగతంతా చెప్పాడు. ఎనిమిదేళ్ళుగా ఆవిడకీ తెలియని సంగతి అది. ఆవిడ చేతిలోని గరిటె పక్కన పెట్టింది.

"రేపు చెప్పేయండి."

"చెబితే ఇంక నా మొహం చూడడే."

"చెప్పకపోతే మీరు చూడ్డానికి ఆ మొహమే మిగలదు," అంది ఆవిడ.

నాన్న మొహం ఎలా ఉండేదో టైలర్‌కు సరిగ్గా గుర్తులేదు. తండ్రి అనుకున్నప్పుడల్లా కళ్ళ ముందుకొచ్చేది ఖాకీ చొక్కా వేసుకున్న ఆ వీపే. ఆ మనిషి తనను అబద్ధాలకోరు అనుకుంటే ఎలా బతకడం? ఆ మనిషే లేకపోతే మాత్రం ఎలా బతకడం?

మర్నాడు డాక్టరమ్మ గదిలో అన్నయ్య దర్జాగా కుర్చీలో కూర్చుని, సాక్ష్యానికి తెచ్చిన పాత ప్యాంటు బల్ల మీద పరిచాడు. పట్టీ తిరగేసి తెల్లగుడ్డ మీది అంకె చూపించాడు. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని చదివింది. మనిషిని ఒకసారి, ప్యాంటును ఒకసారి చూసింది.

"పుస్తకం కూడా చూపించరా," అన్నాడు అన్నయ్య.

టైలర్ పుస్తకం తెరిచి అందించాడు. డాక్టరమ్మ ఆ పేజీ మీద వేలు పెట్టి ఆగింది.

"ముప్పై రెండు సరే మాస్టారూ. పక్కన ఈ చుక్కలేమిటి?"

ఇంకు చిందిందని చెప్పొచ్చు. కలం కారిందని చెప్పొచ్చు. ఆ మాట టైలర్ నాలుక చివరి దాకా వచ్చింది కూడా. అన్నయ్య తల తిప్పి తనవైపు చూశాడు, వీడు భలే జవాబు చెబుతాడు చూడండి అన్నట్టు. ఆ చూపులోని నమ్మకం చూశాక టైలర్‌కు ఇంక అబద్ధం ఆడే ఓపిక లేకపోయింది.

"ఒక్కో చుక్కా అర అంగుళం అమ్మా," అన్నాడు.

అన్నయ్య పుస్తకం తన వైపు లాక్కున్నాడు. ఉత్తరాలు లెక్కపెట్టిన వేలితోనే చుక్కలు లెక్కపెట్టాడు. పదిహేను వచ్చాయి. నమ్మకం కుదరక మళ్ళీ మొదటి నుంచీ లెక్కపెట్టాడు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"వదిన పోయిన మరుసటేడు నుంచి."

"మోకాళ్ళు ఎందుకు నొప్పెడుతున్నాయో తెలీక ఇన్నాళ్ళుగా చస్తున్నాను," అన్నాడు అన్నయ్య. గొంతు పెద్దది చేయలేదు. తిట్టి ఉంటే టైలర్‌కు హాయిగా ఉండేది. ఆయన ప్యాంటు మడతపెట్టి చంకలో పెట్టుకుని, డాక్టరమ్మ వైపు మాత్రమే చూస్తూ, "నేనేం చెయ్యాలో చెప్పండి," అన్నాడు.

ఆవిడ చెప్పిందంతా గోడ పక్కన నిలబడి టైలర్ కూడా విన్నాడు. కడుపు మాడ్చుకోవద్దంది. ఎనిమిదేళ్ళలో వచ్చింది ఎనిమిది రోజుల్లో పోదంది. పళ్ళెంలో సగం కూరగాయలుండాలి, మారు వడ్డన మానాలి, చక్కెరా బిస్కెట్లూ వేపుళ్ళూ తగ్గాలి, వీటన్నిటితో పాటు రోజూ నడవాలి. మొదట పావుగంట నడిచినా చాలు, కానీ ఒక్క రోజు కూడా మానొద్దంది.

అన్నయ్య రెండు రోజులు భోజనానికి రాలేదు. మూడో రోజు వచ్చి, మరదలితో, "అమ్మాయ్, చిన్న పళ్ళెం ఉంటే పెట్టు," అన్నాడు. తమ్ముడు ఎదురుగా కూర్చున్నాడు. అక్కడ ఎవరూ లేనట్టే అన్నయ్య తిని లేచి వెళ్ళిపోయాడు. ఆ ఇంట్లో అప్పటి నుంచీ కూరగాయల బుట్ట బరువెక్కింది, నూనె డబ్బా నెలకు సరిపడేది నెలన్నర వచ్చింది. గిన్నెలు వంటింట్లోనే ఉంచి, ఎవరి పళ్ళెం వాళ్ళకు ఒకేసారి వడ్డించి తెచ్చేది టైలర్ భార్య. మొదటి వారం బావగారి పళ్ళెంలోకి చూడలేక మొహం అటు తిప్పుకునేది.

"మేకను పెంచుతున్నావా అమ్మాయ్?" అన్నాడు ఆయన ఒకరోజు ఆకుకూర వైపు చూసి.

"మేక ఎప్పుడూ మోకాళ్ళు నొప్పనదు బావగారూ," అంది ఆవిడ.

ఆయన నవ్వాపుకున్నాడు. తమ్ముడి ఎదుట నవ్వకూడదన్న పంతం మరి.

నడకకు అన్నయ్య ఎంచుకున్నది మైదానమూ కాదు, పార్కూ కాదు. తన పాత బీటు. పొద్దున ఆరింటికి మొదటి వీధి మొదటి గుమ్మం దగ్గర మొదలుపెట్టి, ఉత్తరాలు పంచిన వరుసలోనే నడిచేవాడు. మొదటి రోజు రెండో వీధి చివరికి వెళ్ళేసరికి మోకాలు పట్టుకుని ఒక అరుగు మీద కూలబడ్డాడు. పది అడుగుల వెనక టైలర్ కూడా ఆగిపోయాడు. రమ్మని ఎవరూ పిలవలేదు, పొమ్మని ఎవరూ అనలేదు. అందుకని మర్నాడు కూడా వచ్చాడు. ఆ మర్నాడు కూడా.

పదిహేను రోజులకో కొత్త వీధి కలిపేవాడు అన్నయ్య. ఆ నడకలో ఆయన గుమ్మాలతో మాట్లాడేవాడు. తమ్ముడితో కాదు, కచ్చితంగా గుమ్మాలతోనే. "ఈ ఇంటావిడకి ప్రతి శుక్రవారం ఉత్తరం రావాలి. రాకపోతే నేనే మింగేసినట్టు చూసేది." ఇంకాస్త ముందుకెళ్ళాక, "ఈ నీలం తలుపాయన నాకు పరీక్ష పోయిన ఉత్తరం ఇచ్చాడు. అదేంటి, ఆయన నాకివ్వడం, నేనే ఆయనకిచ్చాను. మా ఇద్దరికీ ఏడుపొచ్చింది." ఉత్తరాల పెట్టెలు ఉన్న చోట్ల ఇప్పుడు మేకుల గుర్తులు మిగిలాయి. కొన్ని ఇళ్ళు పడగొట్టి అంతస్తులు లేపారు. అయినా ఆయనకు ప్రతి గుమ్మం ముందూ పాత గుమ్మమే కనిపించేది. వెనక నడిచే టైలర్‌కు కూడా కనిపించింది. క్యారియరు మీద కూర్చుని అందించిన ఉత్తరాలు, గుమ్మంలోకొచ్చి తన బుగ్గ గిల్లిన ఆడవాళ్ళు, ఆరో వీధి ఎత్తు ఎక్కేటప్పుడు అన్నయ్య సీటు మీంచి లేచి తొక్కుతుంటే తన మొహానికి తగిలే గాలి. అవన్నీ ఇంత దగ్గర్లోనే ఉండగా తను ఇన్నేళ్ళూ మోటారు చప్పుడు వింటూ కొట్లో కూర్చుండిపోయాడు. ఆ తలపుకి అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ముందు నడిచే మనిషి వెనక్కి తిరగడు కాబట్టి తుడుచుకోవాల్సిన పని కూడా లేకపోయింది.

నాలుగో నెలకు అన్నయ్య ఆరో వీధి ఎత్తు ఆగకుండా ఎక్కాడు. డాక్టరమ్మ తూకం ఎనభై నాలుగు చూపించింది. చక్కెర గీత కిందికి దిగింది. టైలర్ కూడా ఎలాస్టిక్ రెండుసార్లు బిగించుకున్నాడు. కొట్లో కూడా అసలు అంకెలు పైకి చెప్పడం మొదలుపెట్టాడు. ఒక లాయరు తన నడుము అసలు కొలత విని, ఇచ్చిన గుడ్డ వెనక్కి తీసుకుని వెళ్ళిపోయాడు.

ప్యాంటు జారిపోతుంటే అన్నయ్య బెల్టుకు మూడు కొత్త బెజ్జాలు వేయించుకున్నాడు గానీ తమ్ముడి కొట్టు గుమ్మం తొక్కలేదు. చివరికి బెల్టు కూడా చాలక, ఒక మధ్యాహ్నం వచ్చి, బెంచీ మీదున్న వాళ్ళని చూస్తూ, "నడుము తగ్గించాలి," అన్నాడు. టైలర్ టేపు చుట్టి, "ముప్పై ఆరున్నర," అన్నాడు. ముప్పై తొమ్మిదిన్నర నుంచి మూడు అంగుళాలు తగ్గిన సంగతి చెబుతూ సంతోషం ఆపుకోలేకపోయాడు. అన్నయ్య నమ్మలేదు. కళ్ళజోడు పెట్టుకుని, వంగి, టేపు మీద అంకె తనే చదువుకున్నాడు. చదువుకుని తలాడించి వెళ్ళిపోయాడు. తిట్టినా కొట్టినా పడేవాడు గానీ, అలా వంగి చూసుకోవడం టైలర్‌ను కోసేసింది. ఆ రోజు ఒక చొక్కాకు రెండు ఎడమ చేతులు కత్తిరించాడు.

తర్వాత వానలు పట్టుకున్నాయి. మూడు వారాల పాటు తెరిపి లేదు. నడక ఆగిపోయింది. అన్నయ్య గదిలో కూర్చుని కిటికీలోంచి వాన చూస్తున్నాడని మాత్రమే అందరూ అనుకున్నారు. పక్కనున్న బేకరీ వాడి పొట్లాలు కూడా చూస్తున్నాడని టైలర్ భార్య గది ఊడవడానికి వెళ్ళినప్పుడు తెలిసింది. పొట్లాం కాగితాలు ఆవిడ చేటలోకి ఎత్తుతుంటే ఆయన గోడ వైపు చూశాడు.

వాన వెలిసిన రోజు పొద్దున్నే అన్నయ్య కొట్టుకొచ్చాడు. చేతిలో కొత్త ప్యాంటు గుడ్డ ఉంది. డాక్టరమ్మ దగ్గరికి మర్నాడు వెళ్ళాలి. బెంచీ మీద ఇద్దరు కూర్చుని ఉన్నారు. ఆయన చేతులు పైకెత్తి నిలబడ్డాడు. మొహంలో బింకం ఉంది, దాని వెనక పరీక్షకు కూర్చున్న పిల్లాడి భయం ఉంది. టైలర్ టేపు చుట్టాడు. ముప్పై ఏడు.

ముప్పై ఆరున్నరే అంటే ఏమవుతుంది? ఈ మనిషి ఆరు నెలలుగా మోకాళ్ళు ఈడ్చుకుంటూ వీధులు తిరిగాడు. ఒక్క అర అంగుళానికి మనసు విరిగిపోయి అన్నీ మానేస్తే? ఇప్పుడిప్పుడే కొట్టుకు రావడం మొదలుపెట్టినవాడు ఇక రాకపోతే? అన్నయ్య జేబులోంచి కళ్ళజోడు తీసి, చూడ్డానికి వంగబోతున్నాడు.

"ముప్పై ఏడు," అన్నాడు టైలర్. "అర అంగుళం పెరిగావు అన్నయ్యా."

బెంచీ మీద పేపరు కదలడం ఆగిపోయింది. వంగబోయిన అన్నయ్య మధ్యలోనే ఆగాడు.

"వాన కదరా," అన్నాడు. ఆరు నెలల తర్వాత తమ్ముణ్ణి మళ్ళీ 'రా' అనడం అదే మొదలు.

"వానొక్కటే కాదు. బేకరీ పొట్లాలు కూడా ఉన్నాయంట."

అన్నయ్య చాలాసేపు తమ్ముడి మొహంలోకి చూశాడు. నిటారుగా నిలబడి, కళ్ళజోడు పెట్టుకోకుండానే మడిచి జేబులో వేసుకున్నాడు. టేపు ఇంకా నడుము చుట్టూ ఉంది. దాని వంక చూడలేదు.

"మీ వదిన పోయాక, ఇంత మాట నా మొహాన అనే మనిషి లేడనుకున్నాను," అన్నాడు. "ముప్పై ఏడుకే కుట్టు. వదులు పెట్టకు."

టైలర్ తలూపాడు. మాట్లాడితే ఏడ్చేస్తానని భయమేసి సుద్దముక్క కోసం వెతుకుతున్నట్టు బల్ల మీదికి వంగాడు. అన్నయ్య మెట్లు దిగి రెండడుగులు వేసి, వెనక్కి తిరిగాడు.

"రేపు ఆరింటికి. వెనకాల దొంగలా రావడం కాదు, పక్కన నడువు. గుమ్మాలతో ఎంతసేపని మాట్లాడను?"